ఆయ్ అన్నాను, సరే అనలేదు

మా కోనసీమ పిల్లలకి మొదట వచ్చే మాట అమ్మ అంటారు గానీ నేను నమ్మను. ఆయ్ అయి ఉంటుంది. పిలిస్తే ఆయ్, పని చెబితే ఆయ్, తిడితే ఆయ్, పొగిడితే తలొంచుకుని ఇంకో ఆయ్. బయటి ఊళ్లవాళ్లు అది విని, ఎంత మర్యాదస్తులండీ మీరు అని మురిసిపోతారు. నాకు మాత్రం ఆ మాట మీద ఒకప్పుడు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే ఎండుకొబ్బరి గురించి చెప్పాలి, అబద్ధాలాడిన ఒక పానెల్ గురించి చెప్పాలి, నేను చేసిన తప్పు గురించి చెప్పాలి. మొదటి రెండూ చాలామందికి చెప్పాను. మూడోది రాయడం ఇదే మొదలు.

ఎనభైల చివర్లో రాజోలుకీ అమలాపురానికీ మధ్య కాలవ గట్టున ఒక కొబ్బరినూనె ఫ్యాక్టరీ వచ్చింది. కాకినాడలో డిప్లొమా చదివి నేను అందులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేరాను. మా తాత ఇతరుల పొలాల్లో కూలి చేశాడు. మా నాన్న మిషన్ బడిలో చదువుకుని అదే బడిలో టీచరయ్యాడు. ఆ ఇంట్లోంచి నేను సైకిలెక్కి, సంచిలో మల్టీమీటరూ టిఫిన్ క్యారియరూ వేసుకుని ఉద్యోగానికి వెళ్లేదాన్ని. ఫ్యాక్టరీలో ఆడవాళ్లు చాలామందే ఉండేవారు, అందరూ కొబ్బరికాయలు కొట్టే షెడ్డులోనే. మొదటిరోజు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి, "కాయలు కొట్టే షెడ్డు అటేపండమ్మా" అన్నాడు. "స్క్రూడ్రైవర్ల షెడ్డు ఎటేపండీ?" అన్నాను. ఆ తరవాత ఆయన నాతో చాలాకాలం మాట్లాడలేదు.

ఆ ఫ్యాక్టరీకి గొప్ప ఏమిటంటే డ్రయ్యర్లు. కొబ్బరి చెక్కల్ని ఎండలో కాకుండా గదుల్లో వేడిగాలితో ఎండబెట్టేవారు. అలాంటి గదులు మూడు. వాటి వెనక ఖాళీ కొబ్బరిచిప్పలతో మండే పొయ్యిలు. గాలి వేడి అరవై డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఉంటే కొబ్బరి తెల్లగా ఎండుతుంది. ఎనభై దాటితే ఎర్రబడి, మాడి, నూనె కంపు కొడుతుంది. ఒక్కో గదికీ బయట బూడిదరంగు పెట్టె ఒకటి ఉండేది. దాన్ని కంట్రోలర్ అనేవాళ్లం. లోపలి వేడిని కొలిచి గాలి తలుపుల్ని సర్దడం దాని పని. పెట్టె మీద అంకెలు కనపడవు, రెండు దీపాలు తప్ప ఏమీ ఉండవు. అంకెలన్నీ కంట్రోల్ రూములో ఉన్న పానెల్ మీదే. మూడు పెట్టెల నుంచీ ఆ పానెల్‌కి ఒకే ఒక సన్నటి వైరు. పానెల్ బడిలో హాజరు పిలిచినట్టు వరసగా పిలుస్తుంది. ఒకటో నంబరూ, నీ వేడెంత? అది చెబుతుంది. రెండో నంబరూ? అది చెబుతుంది. మూడు? అదీ చెబుతుంది. మళ్లీ ఒకటి. పగలంతా, రాత్రంతా ఇదే సంభాషణ. పొయ్యిలో చిప్పలు వేసేది మాత్రం మనుషులే, మంట మితిమీరితే గాలి తలుపులతో ఆగదు. కంట్రోల్ రూములో కూర్చున్న ఆపరేటరు అంకె చూసి గంట కొడతాడు. ఒక గంటైతే చిప్పలు వెయ్యమని, రెండు గంటలైతే ఆపమని.

ఆ ఆపరేటరుని నేను బాబాయిగారూ అనేదాన్ని. చుట్టం కాదు, మా పక్క ఊరాయన. అప్పటికి యాభై దాటేయి. ఫ్యాక్టరీ రాకముందు ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి రైతుల అటకల మీద, కళ్లాల్లో కొబ్బరి ఎండబెట్టిన మనిషి. చెక్కని ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకెన్ని రోజులు ఎండాలో చెప్పేసేవాడు. అంకెలు పొందికగా రాస్తాడని యజమానే పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. పొద్దున్న రాగానే భుజం మీది తువ్వాలుతో పానెల్ అద్దం తుడిచి, చెప్పులు బయటే వదిలి కూర్చునేవాడు. అరగంటకోసారి మూడు గదుల వేడీ పుస్తకంలో రాసేవాడు. ఆ చేతిరాత చూస్తే నా డిప్లొమా సర్టిఫికెట్ మీద రాసినవాడు సిగ్గుపడాలి. "ముప్పై ఏళ్లలో ఒక్క చెక్క మాడబెట్టలేదండి నేను" అని చెప్పుకునేవాడు. ఆయన ఇంకేదీ గొప్పగా చెప్పుకోగా నేను వినలేదు.

అలాంటిది ఒకరోజు మూడో డ్రయ్యరులో కొబ్బరంతా బొగ్గయిపోయింది.

నేనారోజు ఏదో సామాను కోసం అమలాపురం వెళ్లాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కాలవ గట్టు మీదకే కంపు కొడుతోంది. పొయ్యిలో నీళ్లు పోశారు, కరెంటు మొత్తం ఆపేశారు. గది తలుపు తీస్తే నల్లటి చెక్కలు. బాబాయిగారు బయట నేల మీద కూర్చుని ఒక చెక్కని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. సాయంత్రం కరెంటు మళ్లీ వేస్తే పానెల్ మూడు గదుల అంకెల్నీ చక్కగా చూపించింది. పానెల్ బాగానే ఉంది, కంట్రోలరు బాగానే ఉంది, వైరు బాగానే ఉంది. ఇక చెడిపోయింది మనిషే అని మేనేజరు గారు తేల్చేశారు.

మేనేజరు తెలుగువాడే. మద్రాసులో చదివి బొంబాయిలో పనిచేసి వచ్చినవాడు. మర్నాడు విచారణ పెట్టారు. నన్ను సాక్షిగా తలుపు దగ్గర నిలబెట్టారు. గుమాస్తా కాగితం మీద రాస్తున్నాడు.

"నిన్న డ్యూటీలో ఉన్నది నువ్వేనా?"

"ఆయ్."

"పానెల్ చూడాల్సింది నువ్వేనా?"

"ఆయ్."

"తొమ్మిదిన్నర నుంచి పుస్తకంలో వరసగా అరవై రెండు, అరవై రెండు అని వేశావు. లోపల కొబ్బరి తగలబడుతుంటే అరవై రెండేమిటి? చూడకుండా కూర్చుని రాసేశావన్నమాట."

"ఆయ్... అది కాదండి, మరి..."

"చాలు. నిర్లక్ష్యం నీదే. అంతేగా?"

"ఆయ్."

గుమాస్తా రాశాడు: తప్పు ఒప్పుకున్నాడు. బొంబాయి నుంచి పానెల్ కంపెనీ ఇంజనీరు శుక్రవారం వస్తాడు, పానెల్‌లో లోపం లేదని ఒక ముక్క రాసిస్తాడు, ఆ రెండు కాగితాలూ కలిపి యజమానికి పంపుతాం, ఆ రోజుతో నువ్వు ఇంటికి, అని మేనేజరు చెప్పారు. బాబాయిగారు దానికీ ఆయ్ అన్నాడు.

నేను సైకిల్ స్టాండు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. నా గొంతు పెద్దదే, ఆరోజు ఇంకా పెద్దదయింది. "అన్నిటికీ ఆయ్ ఆయ్ అంటారేంటండీ? నిజంగా చూడకుండా రాశారా?"

"లేదమ్మాయిగారూ. చూసే రాసేనండి. పానెల్ అరవై రెండే చూపించిందండి. దాని మీద ఒట్టు."

"మరి ఒప్పుకున్నారే?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నేనెప్పుడు ఒప్పుకున్నానండి? ఆయన మాటాడతంటే వింటున్నానని ఆయ్ అన్నానండి. పెద్దవోరు మాటాడతంటే రాయిలా నిలబడతామా?"

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. తొమ్మిదిన్నర దాటాక ఆయనకి వాసన తగిలింది. కుర్చీలోంచి లేచి నేరుగా మేనేజరు గదికి వెళ్లి, మూడోదాంట్లో వాసనొస్తందండి, రెండు గంటలు కొట్టి మంట ఆపించమంటారా అని అడిగాడు. "పానెల్ ఎంత చూపిస్తోంది?" అన్నారట ఆయన. అరవై రెండండి అన్నాడు ఈయన. "లక్షణంగా ఉంది. ఇంత ఖరీదైన పానెల్ పెట్టింది నీ ముక్కు నమ్ముకోవడానికి కాదు, వెళ్లి కూర్చో." ఈయన ఆయ్ అని వచ్చి కూర్చున్నాడు.

"ఆ మాట విచారణలో చెప్పొచ్చు కదండీ!"

"ఆయన మొహం మీద ఎలా చెబుతామండి? ఆయనకి తెల్సును కదండి."

నాకు ఏడుపొచ్చింది, కోపంతో. మేనేజరు మా ప్రాంతం వచ్చి రెండేళ్లయింది. రెండేళ్లుగా ఆయ్‌లు వింటున్న మనిషికి ఆ మాటకి అర్థం తెలియదంటే నేను నమ్మను. తనకి పనికొచ్చే అర్థం తీసుకున్నాడు, అంతే. శుక్రవారానికి మూడు రోజులుంది. పానెల్ అరవై రెండు చూపించిందని బాబాయిగారు ఒట్టేశాడంటే పానెల్ అరవై రెండే చూపించింది. ఎందుకు చూపించిందో నేను పట్టుకోవాలి.

మొదటిరోజు గదిలోపల వేడి కొలిచే లోహపు పుల్లతో మొదలుపెట్టాను. మూడో గదిలోంచి దాన్ని బయటికి తీసి గ్లాసుడు వేడినీళ్లలో ముంచి, పరిగెత్తుకెళ్లి పానెల్ చూశాను. అంకె పెరిగింది. చన్నీళ్లలో ముంచాను, తగ్గింది. పుల్ల మంచిదే. తరవాత వైరు బిగింపులు చూశాను. మా ఉప్పుగాలికి రాగి మీద పచ్చగా చిలుము పట్టేసి ఉంది. గీకి, తుడిచి, మళ్లీ బిగించాను. ముందు ఎలా పనిచేసిందో తరవాతా అలాగే పనిచేసింది. మేనేజరు అటుగా వెళ్తూ, "ఏమ్మా, దొరికిందా దెయ్యం?" అన్నారు. లోపం అనేది కనపడుతూ ఉంటే పట్టుకోవడం తేలిక. బాగా పనిచేస్తున్నదాంట్లో లోపం వెతకడం అంటే మనకి పిచ్చి అని ఊరంతా అనుకోవడం మొదలవుతుంది.

రెండోరోజు పరికరాలు పక్కన పెట్టి బాబాయిగారి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆరోజు పొద్దున్న మూడో గది వరసలో అరవై ఒకటి, అరవై మూడు, అరవై, అరవై రెండు అని ఉంది. తొమ్మిదిన్నర నుంచి అన్నీ అరవై రెండే. పక్కన ఒకటో గదీ రెండో గదీ మాత్రం ఎప్పట్లాగే అటూ ఇటూ మారుతున్నాయి. చూడకుండా రాసేవాడు మూడు వరసలూ చూడకుండా రాస్తాడు గానీ ఒక్కటే ఎందుకు రాస్తాడు? పైగా అబద్ధం రాసేవాడు అనుమానం రాకుండా అరవై ఒకటి, అరవై మూడు అని మార్చి మార్చి రాస్తాడు. కళ్లతో చూసినవాడే అన్నిసార్లూ అదే అంకె వేస్తాడు. ఆయన్ని దోషి అనడానికి చూపించిన పేజీయే ఆయన నిర్దోషి అని చెబుతోంది. ఇంత చిన్న సంగతి ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఎవరూ చూద్దామనుకోలేదు.

ఇక తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య ఏం జరిగింది? నూనె ఆడే షెడ్డుకి వెళ్లి అక్కడి పుస్తకం అడిగాను. కొత్తగా బిగించిన పెద్ద క్రషర్ మోటారుని మొట్టమొదటిసారి వేసింది ఆరోజే, తొమ్మిదీ పదికి. ప్రమాదం తరవాత ఆడడానికి కొబ్బరి లేక దాన్ని మళ్లీ వెయ్యలేదు. అందుకే నాకు దెయ్యం దొరకలేదు, దాన్ని లేపేవాళ్లు లేరు.

పానెల్ వెనకవైపు రెండు చిన్న ఎర్రదీపాలుంటాయని దానితో వచ్చిన పుస్తకంలో చదివాను. పానెల్ ప్రశ్న అడిగినప్పుడు ఒకటి వెలుగుతుంది, కంట్రోలర్ జవాబు చెప్పినప్పుడు రెండోది. కానీ పానెల్‌ని గోడకి ఆనించి బిగించేశారు. వెనక చెయ్యి పట్టేంత సందు మాత్రమే ఉంది, తల పట్టదు. కాయలు కొట్టే షెడ్డుకి వెళ్లి, "అద్దం ఎవరి దగ్గరుందండీ?" అని అడిగాను. ఒకావిడ నడుం దగ్గర దోపుకున్న చిన్న గుండ్రటి అద్దం తీసిచ్చి, "పెళ్లివారొస్తన్నారేటండి?" అంది. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వి అద్దం పట్టుకొచ్చాను.

అద్దాన్ని సందులోకి పెట్టి చూస్తే దీపాలు కనపడ్డాయి. ప్రశ్న, జవాబు. ప్రశ్న, జవాబు. ప్రశ్న, జవాబు. ముగ్గురికి మూడు. అప్పుడు క్రషర్ దగ్గరున్న మనిషికి సైగ చేశాను. పెద్ద మోటారు గుర్రుమని లేచింది. ప్రశ్న, జవాబు. ప్రశ్న, జవాబు. ప్రశ్న. అంతే. మూడోదాని నుంచి జవాబు లేదు. మళ్లీ అడిగింది, లేదు. మూడోసారి అడిగింది, లేదు. ఇక ఆ మూడోదాన్ని పిలవడమే మానేసింది. మిగతా ఇద్దరితోనే కబుర్లు చెప్పుకుంటోంది. ముందుకొచ్చి చూశాను. మూడో గది ఎదురుగా పచ్చటి అంకె, ఆఖరుసారి విన్న జవాబు, అలాగే వెలుగుతోంది. నాకు జవాబు రాలేదు అన్న ముక్క ఎక్కడా లేదు. దాన్ని చూసే ఆరోజు పొయ్యిలో చిప్పలు పడుతూ పోయాయి. మోటారు ఆపించాను, అయినా ఆ పానెల్‌కి బుద్ధి రాలేదు. కరెంటు తీసి వేస్తేనే మళ్లీ మూడోదాన్ని పలకరించింది. ప్రమాదం రోజు కరెంటు ఆపి వేశారు కదా, అందుకే సాయంత్రానికి అంతా సవ్యంగా కనపడింది.

ఎగిరి గంతేయాల్సిన సమయం అది. గంతెయ్యలేదు. మోటారు వేస్తే వైరులో మాట ఎందుకు చెదురుతుందో ఆలోచించగానే నేను దగ్గరుండి మూయించిన కందకం గుర్తొచ్చింది.

క్రషర్ బిగించడానికి ముందు నెలలో డ్రయ్యర్ల వైరు మార్చాం. పక్కనే పెద్ద మోటారు కేబుల్ కోసం కందకం తవ్వి ఉంది. మేనేజరు వచ్చి, "ఈ సన్నవైరుకి ఇంకో కందకం దేనికి? ఇందులోనే వేసేయండి" అన్నారు. వేయకూడదని పానెల్‌తో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. రెండూ పక్కపక్కన నడిస్తే మోటారు లేచినప్పుడు పెద్ద కేబుల్ గోల సన్నవైరులో పడుతుందని నేను చదివాను. మూడో గదికి వెళ్లే భాగమైతే నలభై అడుగులు ఆ కేబుల్‌కి ఒరుసుకునే వెళ్తుంది. అవన్నీ తెలిసిన నేను, వాచ్‌మన్‌కి స్క్రూడ్రైవరు జవాబు చెప్పిన నేను, ఆరోజు మేనేజరుతో ఏమన్నాను?

ఆయ్ అన్నాను.

విన్నాను, తరవాత మాట్లాడతాను అని నా ఉద్దేశం. ఆయన వెళ్లిపోయాడు, కూలీలు వైరు వేసేశారు, మట్టి కప్పేశారు, ఆ తరవాత అనేది రాలేదు. బాబాయిగారి మీద సైకిల్ స్టాండు దగ్గర అంతలా అరిచానే, ఆయన నోట్లో ఉన్న మాటే నా నోట్లోనూ ఉంది. ఆయన ఆయ్ ఆయన్నే ముంచింది. నాది కూడా ఆయన్నే ముంచింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మా అమ్మకి చెప్పాను. వైరు సంగతి బయటపెడితే నా ఉద్యోగం కూడా పోవచ్చని చెప్పాను. నోరుమూసుకోమంటుందని అనుకున్నాను. ఆమె మజ్జిగ పోస్తూ, "మీ తాతగారు ఆయ్ అనకపోతే ఆ పూట పొలంలోకి రానిచ్చేవోరు కాదు. అందుకని అన్నారు. నీ చేతిలో సర్టిఫికెట్టుంది, నువ్వెందుకన్నావే?" అంది. మజ్జిగన్నం తిని లేచాను.

శుక్రవారం బొంబాయి ఇంజనీరు వచ్చాడు. మేనేజరు ఆయనకి ఆత్రేయపురం పూతరేకులు పెట్టించారు. ఆయన పైరేకుని చుట్టిన కాగితం అనుకుని జాగ్రత్తగా ఒలిచి పక్కన పెట్టాడు, దాని కింద ఇంకో కాగితం వచ్చింది, అదీ ఒలిచాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఒక్క నిమిషం మాత్రం నేనూ మేనేజరూ ఒకే ఊరివాళ్లలా నవ్వు ఆపుకున్నాం.

తరవాత అందరం, కాగితాలతో గుమాస్తా కూడా, కంట్రోల్ రూములోకి వెళ్లాం. బాబాయిగారు గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొద్దున్నే మూడో గది పొయ్యి వెలిగించి వేడిని అరవై రెండుకి తెప్పించి ఉంచాను. అద్దం ఇంజనీరు చేతిలో పెట్టి, మోటారు వేయించాను. ఆయన సందులోకి చూశాడు. చాలాసేపు చూశాడు. మేనేజరు ఊరుకోలేదు. "ఈ అద్దాల గారడీ ఏమిటి? పానెల్ మీద అంకె ఉంది కదా, అరవై రెండు" అన్నారు.

నేను మూడో డ్రయ్యరు దగ్గరికి నడిచాను. కంట్రోలర్ పెట్టె తెరిచి, ఆ సన్నవైరుని బిగింపుల్లోంచి పూర్తిగా ఊడబీకాను. దాని కొస చేత్తో పట్టుకుని, ఎదురుగా ఉన్న కంట్రోల్ రూము కిటికీలోంచి అందరికీ కనపడేలా పైకెత్తాను.

"వైరు నా చేతిలో ఉందండీ. పానెల్ ఎంత చెబుతోంది?"

అందరూ పానెల్ వైపు తిరిగారు. నేనూ కిటికీలోంచి లోపలికి చూశాను. అరవై రెండు, పచ్చగా, నిబ్బరంగా.

"నా అరచెయ్యి వేడి అరవై రెండా అండీ?" అన్నాను. ఆ వెటకారం అక్కర్లేదు, తెలుసు. అన్నాను.

ఇంజనీరు తప్పు తనవాళ్లదేనని వెంటనే ఒప్పుకున్నాడు. జవాబు రాకపోతే అంకె తీసేసి గీతలు చూపించాలి, అది చెయ్యలేదు అన్నాడు. అసలు జవాబు ఎందుకు ఆగిందని అడిగాడు. మట్టి కప్పిన కందకం కిటికీలోంచే చూపించి లోపలికి వచ్చాను. వైరు ఇందులో ఎవరు వేశారని అడిగాడు. మేనేజరు నా వైపు తిరిగారు.

"దగ్గరుండి వేయించింది నువ్వే. నేను చెప్పినప్పుడు సరేనన్నావు కూడా."

"ఆయ్ అన్నానండీ. సరే అనలేదు."

నోట్లోంచి ఊడిపడిన మాట అది, భలే చెప్పాననిపించింది. ఆ మరుక్షణం గోడవారగా ఉన్న బాబాయిగారి మొహం కనపడింది. ఆ సాకు ఆయనకి చెల్లుతుంది, నాకు చెల్లదు. ఆయన నోరు మూయించింది తరాల భయం. నేను పుస్తకం చదివి, తెలిసి, ఊరుకున్నాను.

"కాదండీ," అన్నాను, "అది సరిపోదు. వద్దని తెలిసీ ఆరోజు వద్దనలేదు. ఆ తప్పు నాది. నా పేరుతో రాయండి. ఇందులో వేయమని చెప్పింది ఎవరో కూడా దాని పక్కనే రాయండి." గుమాస్తా కలం ఎత్తి మేనేజరు వైపు చూశాడు. నేను కాగితం లాక్కుని నేనే రాశాను, సంతకం పెట్టాను. నా చేతిరాత బాబాయిగారి రాతంత బాగుండదు గానీ చదవడానికి వస్తుంది.

ఇంజనీరు ఇంకో ప్రశ్న అడిగాడు. పానెల్ చెప్పకపోయినా ఈ మనిషికి ఏమైనా అనుమానం వచ్చిందా, ఎవరికైనా చెప్పాడా? ఆయన ఇంగ్లీషుని నేను తెలుగులో బాబాయిగారికి చెప్పాను.

బాబాయిగారు నేల చూస్తూ, "ఆయ్" అన్నాడు.

మేనేజరు నవ్వారు. "చూశారా, దేనికైనా ఆయే. దీన్ని సాక్ష్యమంటారా?"

నాకు ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. "బాబాయిగారూ," అన్నాను, "ఆయ్ వద్దండీ. ఈ ఒక్కసారికి ఆయ్ వద్దు. అవునా, కాదా?"

ఆయన తువ్వాలు భుజం మీంచి తీశాడు. మళ్లీ వేసుకున్నాడు. పానెల్ వైపు చూశాడు, రోజూ తను తుడిచే అద్దం వైపు, దాని మీద ఇంకా వెలుగుతున్న ఆ అంకె వైపు. తరవాత మేనేజరు కళ్లలోకి చూశాడు. అలా చూడడం నేను అంతకుముందు చూడలేదు.

"అవునండి," అన్నాడు. "వాసనొస్తందని చెప్పేనండి. మీకే చెప్పేనండి. మంట ఆపించమంటారా అని అడిగేనండి. పానెల్ చూసుకో, నీ ముక్కు కాదు అన్నారండి మీరు." గోడవార నుంచి ఒక అడుగు ముందుకేశాడు. "నేను కొబ్బరి మాడబెట్టలేదండి."

ఇంజనీరుకి ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పింది నేనే. ఒక్క ముక్క వదల్లేదు.

బాబాయిగారి మీద రాసిన కాగితం యజమాని దగ్గరికి వెళ్లలేదు. నేను రాసింది వెళ్లింది. మేనేజరుని ఎవరూ ఏమీ అనలేదు, అలాంటివాళ్లని అనరు. నన్ను మాత్రం రాతపూర్వకంగా మందలించారు, ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. బాబాయిగారు తన కుర్చీలోకి తిరిగి వెళ్లాడు. పుస్తకంలో మూడు వరసల పక్కన నాలుగో గీత గీసుకుని, వాసన అని రాసుకున్నాడు. ఆయన్ని అలా గీసుకోమని ఎవరూ చెప్పలేదు, వద్దని చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

వేరే కందకం తవ్వడం మొదలైన రోజు మేనేజరు నన్ను గదికి పిలిచారు. ఇకమీదట బయటివాళ్ల ముందు ఇలా నోరు చేసుకుంటే ఊరుకోనని, ఏదున్నా తలొంచుకుని తనతో చెప్పాలని చాలాసేపు చెప్పారు. చెప్పడం అయిపోయాక ఆగారు. ఆయన దేనికోసం ఆగారో నాకు తెలుసు. రెండేళ్లుగా ప్రతి మాట చివరా ఆయనకి అది దొరుకుతూనే ఉంది.

"వినపడిందండీ," అన్నాను.

ఆయన ఇంకా ఆగారు. నేను కందకం దగ్గరికి వెళ్లిపోయాను.